ప్లాంటాజెనెట్ రాజుల దాకా మీ వంశాన్ని ఆధారాలతో చూపించడం ఎలా: అడుగడుగు మార్గదర్శి

ఇంగ్లండ్‌ను 1154 నుంచి 1485 దాకా ఏలిన ప్లాంటాజెనెట్ వంశంలో తమ మూలాలు ఉన్నాయని చెప్పుకునేవాళ్లు చాలామంది. కాగితం మీద ఒక్కో తరాన్నీ చూపించగలిగేవాళ్లు కొందరే. ఆ రెండో పని ఎలా చేయాలన్నదే ఈ వ్యాసం. అమెరికాలో, బ్రిటన్‌లో స్థిరపడి అక్కడివాళ్లతో వియ్యమందిన తెలుగు కుటుంబాలకూ, సికింద్రాబాద్, విశాఖల్లోని ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకూ ఈ దారి పనికొస్తుంది.

ముందే ఒక మాట. ఈ పనిలో కష్టమంతా రాజు దగ్గర ఉంటుందనుకుంటారు. అది నిజం కాదు. రాజుల పిల్లలు, మనవలు ఎవరో ఎప్పుడో తేలిపోయింది. మీ ముత్తాతల సంగతి కూడా తేలిగ్గానే తేలుతుంది. అసలు చిక్కు 1550కీ 1700కీ మధ్య ఉంటుంది. మీ సమయంలో సగానికి పైగా ఆ నూటయాభై ఏళ్లకే అట్టిపెట్టుకోండి.

1. మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసినవి

ఏ రాజు? గురి మూడవ ఎడ్వర్డ్ (1312–1377) మీద పెట్టుకోండి. అది కుదరకపోతే మొదటి ఎడ్వర్డ్ (1239–1307). ఇద్దరికీ సంతానం ఎక్కువ, ఆ సంతానం పెద్ద భూస్వాముల ఇళ్లలోకీ, అక్కణ్ణుంచి చిన్న భూస్వాముల ఇళ్లలోకీ పాకింది. రెండవ రిచర్డ్‌కు పిల్లలే లేరు. మూడవ రిచర్డ్ నుంచి ఈనాటిదాకా రుజువైన సంతతి లేదు. ఎవరైనా ఈ ఇద్దరి నేరు వారసులమని చార్టు చూపిస్తే ఇక ముందుకు చదవనక్కర్లేదు.

ఇంటిపేరు వెతకొద్దు. చర్చి రిజిస్టర్లలో 'ప్లాంటాజెనెట్' అన్న ఇంటిపేరు కోసం వెతకడం కొత్తవాళ్లు చేసే మొదటి పని. ఆ రాజులు చాలాకాలం ఆ పేరును ఇంటిపేరుగా వాడనే లేదు. 15వ శతాబ్దం మధ్యలో యార్క్ డ్యూక్ రిచర్డ్ దాన్ని ముందుకు తెచ్చాడు. 1499లో వార్విక్ ఎర్ల్ ఎడ్వర్డ్ తల నరికించడంతో సక్రమ సంతానంలో మగ వరుస అంతరించింది. కాబట్టి మీ గొలుసు దాదాపు ఎప్పుడూ ఆడపిల్లల మీదుగానే వస్తుంది, ప్రతి రెండు మూడు తరాలకూ ఇంటిపేరు మారుతుంది.

ఏది లెక్కలోకి వస్తుంది? రక్తసంబంధం చూపాలంటే పెళ్లి అవసరం లేదు. మూడవ ఎడ్వర్డ్ కొడుకు జాన్ ఆఫ్ గాంట్‌కు కేథరీన్ స్విన్‌ఫర్డ్ వల్ల పెళ్లికి ముందే పుట్టిన బోఫర్ట్ పిల్లలను 1397లో పార్లమెంటు సక్రమ సంతానంగా ఒప్పుకుంది. ఒప్పుకోకపోయినా వాళ్లు మూడవ ఎడ్వర్డ్ మనవలే. దత్తత, సవతి సంబంధాలు మాత్రం లెక్కలోకి రావు.

ఎన్ని తరాలు? 1990 ప్రాంతంలో పుట్టిన మనిషికి మూడవ ఎడ్వర్డ్ దాకా సాధారణంగా 22 నుంచి 25 తరాలు. మీ చార్టులో 15 వస్తే ఎక్కడో తరాలు ఎగిరిపోయాయి. 32 వస్తే ఒకే పేరున్న మనిషిని రెండుసార్లు లెక్కపెట్టి ఉంటారు.

22 తరాలు పైకి వెళ్తే చార్టులో 41,94,304 గళ్లు వస్తాయి. ఆనాటి ఇంగ్లండ్ మొత్తం జనాభాయే కొన్ని పదుల లక్షలు. ఒకే మనిషి ఎన్నో గళ్లలో కూర్చుంటాడన్నమాట. ఇంగ్లీషు మూలాలున్న ఎవరికైనా రాజు రక్తం తగిలే అవకాశం ఎక్కువే. అందుకే 'ఉందా లేదా' అని కాదు, 'చూపించగలమా' అని అడగాలి.

2. లంకె పత్రం తయారు చేసుకోవడం

వంశవృక్షం సాఫ్ట్‌వేర్ ఏదైనా వాడుకోండి, ఉచితంగా దొరికే గ్రాంప్స్ చాలు. కానీ సాఫ్ట్‌వేర్ ఒక్కటే సరిపోదు. అది మనుషుల పేర్లు భద్రపరుస్తుంది. మీకు కావలసింది ఇద్దరు మనుషుల మధ్య లంకె. ప్రతి తల్లిదండ్రి–బిడ్డ లంకెకూ ఒక పేజీ పెట్టండి. 24 తరాలైతే 24 పేజీలు.

ప్రతి పేజీలో ఉండవలసినవి:

- బిడ్డ పేరు, తల్లి లేదా తండ్రి పేరు
- ఈ సంబంధాన్ని నేరుగా చెప్పే దస్తావేజు ఏది, ఎప్పుడు రాసింది
- అది ఎక్కడుంది: ఆర్కైవ్ పేరు, సిరీస్, ఫోలియో లేదా పేజీ
- మీరు చూసింది అసలు బొమ్మా, అచ్చు ప్రతా, ఎవరో రాసిన సారాంశమా
- ఇదే పేరుతో అదే ఊళ్లో ఉన్న ఇతరులు, వాళ్లను ఎందుకు తోసిపుచ్చారు
- గ్రేడు

గ్రేడు మూడు రకాలు చాలు. ఆ కాలపు దస్తావేజు 'ఫలానా వాడి కూతురు' అని స్పష్టంగా చెబితే ఎ. నేరుగా చెప్పకపోయినా రెండు మూడు వేర్వేరు ఆధారాలు ఒకే దిక్కు చూపిస్తే బి. ఒక అచ్చు పుస్తకమో, ఆన్‌లైన్ చెట్టో చెప్పిందే ఆధారమైతే సి. గొలుసులో ఒక్క సి ఉన్నా మొత్తం గొలుసు గ్రేడు సి. ఈ నియమాన్ని సడలించుకోవద్దు. మోసపోయినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే సడలించుకున్నారు.

3. మీ నుంచి 1837 దాకా

రాజు నుంచి కిందికి రావద్దు, మీ నుంచి పైకి వెళ్లండి. పై నుంచి దిగితే మీకు కావలసిన పేరు దొరికే దాకా ఏదో ఒక కొమ్మ పట్టుకుని దిగుతూనే ఉంటారు, చివరికి దొరికిస్తారు.

1. ఇంట్లో ఉన్న జనన, వివాహ, మరణ ధృవపత్రాలు, బైబిల్ మొదటి పేజీల్లో రాసుకున్న పుట్టుక తేదీలు, సమాధి ఫోటోలు సేకరించండి.
2. ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రభుత్వ నమోదు 1837 జులై 1న మొదలైంది. స్కాట్లండ్‌లో 1855. ఐర్లండ్‌లో పూర్తి నమోదు 1864 నుంచి.
3. మొదట పెళ్లి సర్టిఫికెట్ తెప్పించండి. అందులో ఇద్దరి తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి. ఆ తర్వాతే జనన సర్టిఫికెట్.
4. జనన సూచికలో తల్లి పుట్టింటి పేరు కావాలంటే జనరల్ రిజిస్టర్ ఆఫీస్ సొంత ఆన్‌లైన్ సూచిక చూడండి. పాత త్రైమాసిక సూచికల్లో ఆ వివరం 1911 సెప్టెంబర్ త్రైమాసికం నుంచే ఉంటుంది.
5. పదేళ్లకోసారి జరిగిన జనగణనతో సరిచూడండి. 1851 నుంచి పుట్టిన ఊరు, ఇంటి యజమానితో సంబంధం రాశారు.

ఇక్కడ తరచూ తప్పుదోవ పట్టించేవి మూడు. 1841 జనగణనలో 15 ఏళ్లు దాటినవాళ్ల వయసును అయిదు గుణిజానికి తగ్గించి రాశారు. 34 ఏళ్లవాడు 30 అని కనిపిస్తాడు. పెళ్లి సర్టిఫికెట్‌లో 'పూర్తి వయసు' అంటే 21 నిండాయని మాత్రమే. తండ్రి ఎవరో తెలియని వరుడు ఆ గడిలో ఏదో పేరు చెప్పి గట్టెక్కిన సందర్భాలూ ఉన్నాయి, అందుకే జనన సర్టిఫికెట్ కూడా తప్పనిసరి. 1931 జనగణన పత్రాలు కాలిపోయాయి, 1941లో జనగణన జరగలేదు. ఆ ఖాళీకి రెండో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు ఇంటింటి పేర్లూ రాసుకున్న 1939 రిజిస్టర్ వాడండి.

4. 1837 నుంచి 1538 దాకా: చర్చి రిజిస్టర్లు

బాప్తిస్మం, పెళ్లి, ఖననం రాసిపెట్టాలని 1538లో ఎనిమిదవ హెన్రీ మంత్రి థామస్ క్రామ్వెల్ ఆజ్ఞ ఇచ్చాడు. అన్ని ఊళ్లలోనూ అప్పటివి మిగల్లేదు. 1598 నుంచి బిషప్‌కు ఏటా నకలు పంపాలన్నారు. అసలు రిజిస్టర్ పోతే ఆ నకళ్లు చూడండి. ఇవి కౌంటీ రికార్డ్ ఆఫీసుల్లో ఉంటాయి. చాలావాటి బొమ్మలు ఫ్యామిలీసెర్చ్‌లో ఉచితంగా, యాన్సెస్ట్రీ, ఫైండ్‌మైపాస్ట్‌లలో చందాకు దొరుకుతాయి.

మారిన తేదీలు గుర్తుంచుకోండి. 1754 మార్చి 25 నుంచి పెళ్లి రిజిస్టర్‌లో సంతకాలు, సాక్షుల పేర్లు తప్పనిసరి. 1813 నుంచి అచ్చు ఫారాల్లో తండ్రి వృత్తి కూడా. అంతకు ముందు చాలా ఊళ్లలో 'విలియం, జాన్ కొడుకు' అన్న ఒక్క వాక్యమే. 1640ల అంతర్యుద్ధం నుంచి 1660 దాకా రిజిస్టర్లు చాలాచోట్ల చిందరవందర.

ఆ ఒక్క వాక్యంతో లంకె కట్టేస్తే అది గ్రేడు సి కిందకు కూడా రాదు. ఇలా చేయండి. మీ విలియం పెళ్లయిన ఊరి చుట్టూ 15 మైళ్లలో ఉన్న చర్చిలన్నింటి జాబితా రాయండి. అతను పుట్టి ఉండగల పదేళ్ల కాలంలో ఆ ఇంటిపేరుతో బాప్తిస్మం పొందిన విలియంలందరినీ రాసుకోండి. తర్వాత ఖననాలు చూసి పసితనంలో పోయినవాళ్లను కొట్టేయండి. వేరేచోట పెళ్లయి స్థిరపడినవాళ్లనూ కొట్టేయండి. ఒక్కడే మిగిలితే అది బి. ఇద్దరు మిగిలితే వీలునామాల దగ్గరికి వెళ్లాలి.

వీలునామాలు 1858 జనవరి 12కు ముందు చర్చి కోర్టుల్లో ఉండేవి. పెద్దది కాంటర్‌బరీ ప్రెరొగేటివ్ కోర్టు. 1384 నుంచి 1858 దాకా అక్కడి వీలునామాలు లండన్‌లో క్యూ (Kew) అనే పేటలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో 'ప్రాబ్ 11' సిరీస్‌గా ఉన్నాయి. ఉత్తరాదివి యార్క్‌లోని బోర్త్‌విక్ ఇన్‌స్టిట్యూట్‌లో. చిన్న ఆస్తులవి కౌంటీలో. డెవన్ మూలాలున్నవాళ్లకు కష్టమే, 1942 బాంబుదాడిలో ఎక్సెటర్‌లోని వీలునామాలు బుగ్గయ్యాయి.

తండ్రి వీలునామా ఒక్కటే చూసి ఆపేయొద్దు. పెద్దకొడుక్కు భూమి ఎలాగూ వస్తుంది కాబట్టి తండ్రి అతని పేరే ఎత్తకపోవచ్చు. పెళ్లయిన కూతురికి కట్నం ముందే ఇచ్చేశాడు కాబట్టి ఆమె పేరూ ఉండకపోవచ్చు. అన్నిటికన్నా పనికొచ్చేవి పెళ్లికాని మేనత్తల, పిల్లల్లేని వితంతువుల వీలునామాలు. వెండి చెంచా ఒకరికి, ఉంగరం ఒకరికి, పరుపు ఇంకొకరికి అంటూ అన్నదమ్ముల పిల్లల్ని, అక్కచెల్లెళ్ల పిల్లల్ని, వాళ్ల భర్తల ఇంటిపేర్లతో సహా వరసగా రాసేస్తారు.

5. ఇంగ్లండ్ బయట నుంచి వచ్చే దారులు

ఇండియా. ఈస్టిండియా కంపెనీ నాటి బాప్తిస్మం, పెళ్లి, ఖననం నకళ్లు లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీవి 'ఎన్ 2' వరుస. మచిలీపట్నం, విశాఖపట్నం ఎంట్రీలు అందులోనే, పాత స్పెల్లింగులతో వెతకాలి.

మచిలీపట్నంలో చనిపోయిన సైనికాధికారి ఇంగ్లండ్‌లో ఏ ఊరివాడో ఖననం ఎంట్రీ చెప్పదు. ఆ వంతెన క్యాడెట్ పత్రాల్లో ఉంటుంది, 'ఎల్/మిల్/9' వరుస. కంపెనీ సైన్యంలో అధికారిగా చేరాలనుకున్న కుర్రాడు తన బాప్తిస్మం సర్టిఫికెట్ సమర్పించాలి. దానితో ఊరూ, తల్లిదండ్రులూ ఒక్క దెబ్బకు దొరుకుతారు. మామూలు సిపాయికి ఈ సౌకర్యం లేదు, అతనికి సైనిక భర్తీ జాబితాలే దిక్కు.

తల్లి భారతీయురాలైతే బాప్తిస్మం ఎంట్రీలో ఆమె పేరు తరచూ ఉండదు. పిల్లల పేర్లే మారిపోవచ్చు. హైదరాబాద్ రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్‌కు, ఖైరున్నిసాకు పుట్టిన సాహిబ్ ఆలం, సాహిబ్ బేగంలను ఇంగ్లండ్ పంపాక అక్కడ బాప్తిస్మంలో వాళ్లు విలియం జార్జ్, కేథరీన్ అరోరా అయ్యారు. ఇలాంటిచోట తండ్రి వీలునామా తప్ప వేరే దారి ఉండదు.

అమెరికా. 17వ శతాబ్దంలో వలస వెళ్లినవారిలో రాజవంశం రుజువైనవాళ్లు కొన్ని వందలమంది ఉన్నారు. వర్జీనియాకు వెళ్లిన జార్జ్ రీడ్ అలాంటివాడు. అతని కూతురు మిల్డ్రెడ్ రీడ్, ఆమె కూతురు మిల్డ్రెడ్ వార్నర్, ఆమె కొడుకు అగస్టీన్ వాషింగ్టన్, అతని కొడుకు జార్జ్ వాషింగ్టన్. అమెరికా మూలాలున్నవాళ్ల పని సులువు: అలాంటి వలసదారు దాకా చేరుకుంటే చాలు, పైన పని ఇప్పటికే జరిగి ఉంటుంది. చేరుకోవడంలో మాత్రం అదే నాణ్యత కావాలి. ఒకే పేరుతో ఓడ దిగిన ఇద్దరిలో మీవాడు ఎవరో తేల్చకుండా సముద్రం దాటి ఇంగ్లండ్ రికార్డుల్లోకి వెళ్లొద్దు.

6. గేట్‌వే పూర్వికుడిని పట్టుకోవడం

సామాన్యుల వరుసకూ భూస్వాముల వరుసకూ మధ్య నిలబడే మనిషిని గేట్‌వే పూర్వికుడు అంటారు. ఎక్కువసార్లు ఆ మనిషి 1550–1700 మధ్య బతికిన చిన్నకొడుకో, చిన్నకూతురో అయి ఉంటారు. ఇంగ్లండ్‌లో భూమి పెద్దకొడుక్కు. మూడో కొడుకు లండన్‌లో వర్తకుడి దగ్గర అప్రెంటిస్‌గా చేరతాడు, నాలుగోవాడు చర్చి పాస్టర్ అవుతాడు, ఆ పాస్టర్ కూతురు రైతును పెళ్లాడుతుంది. రెండు తరాల్లో భూస్వామి కుటుంబం మామూలు రైతు కుటుంబంగా మారిపోతుంది.

మీ చెట్టులో ఇవి కనిపిస్తే అక్కడ ఆగి తవ్వండి:

- పేరు ముందు 'మిస్టర్' లేదా పక్కన 'జెంట్' (జెంటిల్‌మన్‌కు పొట్టి రూపం). 17వ శతాబ్దంలో ఇవి అందరికీ రాసేవారు కాదు.
- పాస్టర్, వకీలు, వైద్యుడు, లండన్ గిల్డు (వర్తకుల, చేతివృత్తులవాళ్ల సంఘం) సభ్యుడు.
- బిడ్డకు పెట్టిన పేరు ఒక ఇంటిపేరులా ఉండటం. తరచూ అది తల్లి లేదా నాయనమ్మ పుట్టింటి పేరు. ఇది ఆనవాలే, రుజువు కాదు.
- చర్చి లోపల, నేల రాతి కింద ఖననం.

ఏ దస్తావేజు తవ్వాలి? లండన్ గిల్డుల అప్రెంటిస్ నమోదులో కుర్రాడి తండ్రి పేరు, ఊరు, హోదా ఉంటాయి. ఈ మొత్తం పనిలో ఇంత చిన్న వాక్యంలో ఇంత ఉపయోగపడే ఆధారం మరొకటి లేదు. పాస్టరైతే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ప్రవేశ రిజిస్టర్లు: తండ్రి పేరు, కౌంటీ, ప్రవేశం నాటి వయసు చాలామందికి రాశారు. ఆస్తి తగాదాలుంటే ఛాన్సరీ కోర్టు ఫిర్యాదులు. వాటిలో మా తాత ఫలానా, ఆయన రెండో భార్య ఫలానా అని మూడు నాలుగు తరాలు ఏకరువు పెడతారు. కక్షిదారు తనకు అనుకూలంగా చెబుతాడు గనుక ప్రతివాది జవాబు కూడా చదవండి.

కులచిహ్నాల (పెద్ద కుటుంబాల డాలు గుర్తులు, ఇంగ్లీషులో కోట్ ఆఫ్ ఆర్మ్స్) అధికారులు 1530 నుంచి 1680ల దాకా కౌంటీలు తిరిగి వంశావళులు రాసుకున్నారు. వీటిని విజిటేషన్లు అంటారు. అసళ్లు లండన్‌లోని కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌లో ఉన్నాయి, చాలావాటిని హార్లియన్ సొసైటీ అచ్చు వేసింది. వాటిని ఎంతవరకు నమ్మాలి? సంతకం చేసిన మనిషి, అతని పిల్లలు, తండ్రి, తాత: అంతవరకు. ఆ పైవన్నీ విన్నమాటలు. అచ్చు ప్రతుల్లో తర్వాతివాళ్లు చేర్చిన కొమ్మలు కూడా కలిసిపోయి ఉంటాయి, వాటికి సంతకం చేసినవాడి పూచీ లేదు.

బ్రిటిష్ నటుడు డానీ డయర్ మూడవ ఎడ్వర్డ్ సంతతి అని 2016లో ఒక టీవీ కార్యక్రమంలో తేలినప్పుడు జనం ఆశ్చర్యపోయారు. అతనిది లండన్ తూర్పు పేటల్లోని కార్మిక కుటుంబం. అతని గొలుసు థామస్ క్రామ్వెల్ కొడుకు గ్రెగరీ మీదుగా వెళ్తుంది. రాజరక్తం గ్రెగరీది కాదు, అతని భార్య ఎలిజబెత్ సీమోర్‌ది.

7. మధ్యయుగపు భాగం: ఒక గొలుసును దగ్గరగా చూద్దాం

ఆ ఎలిజబెత్ సీమోర్ గొలుసునే నమూనాగా తీసుకోండి.

- మూడవ ఎడ్వర్డ్
- లయొనెల్ ఆఫ్ ఆంట్‌వర్ప్ (1338–1368)
- ఫిలిప్ప (జననం 1355), భర్త ఎడ్మండ్ మార్టిమర్
- ఎలిజబెత్ మార్టిమర్ (జననం 1371), భర్త హాట్‌స్పర్ అని పేరుపడ్డ హెన్రీ పెర్సీ
- ఎలిజబెత్ పెర్సీ, భర్త జాన్ క్లిఫర్డ్ (మరణం 1422)
- మేరీ క్లిఫర్డ్, భర్త ఫిలిప్ వెంట్‌వర్త్ (మరణం 1464)
- హెన్రీ వెంట్‌వర్త్
- మార్జరీ వెంట్‌వర్త్, భర్త జాన్ సీమోర్
- ఎలిజబెత్ సీమోర్, భర్త గ్రెగరీ క్రామ్వెల్

ఎనిమిది లంకెలు. రాజు తర్వాతి ఎనిమిదిమందిలో ఆరుగురు ఆడవాళ్లు. ఇప్పుడు దస్తావేజుల సంగతి.

రాజు నుంచి నేరుగా భూమి పొందినవాడు చనిపోతే ఆ కౌంటీలో జ్యూరీని కూర్చోబెట్టి విచారణ జరిపేవారు: ఏ భూములున్నాయి, ఎప్పుడు పోయాడు, దగ్గరి వారసుడు ఎవరు, వయసెంత. దీన్ని ఇంక్విజిషన్ పోస్ట్‌మార్టెమ్ అంటారు. 13వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం మధ్య దాకా ఇవి నేషనల్ ఆర్కైవ్స్‌లో 'సి 132' నుంచి 'సి 142' దాకా ఉన్న సిరీస్‌లలో ఉన్నాయి. సారాంశాలు కొన్ని బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

వీటికి ఒక పరిమితి ఉంది, దాన్ని గమనించక చాలామంది దెబ్బతింటారు. ఇవి వారసుడి పేరే చెబుతాయి. పై గొలుసులో ఫిలిప్ప తండ్రికి ఒక్కతే బిడ్డ, కాబట్టి వారసురాలు. కానీ ఎలిజబెత్ మార్టిమర్‌కు రోజర్ అనే సోదరుడున్నాడు. ఎలిజబెత్ పెర్సీకి హెన్రీ, మేరీకి థామస్ ఉన్నారు. అన్నో తమ్ముడో ఉన్న ఆడపిల్ల తండ్రి విచారణ పత్రంలో కనబడదు. పత్రంలో పేరు లేదు కాబట్టి కూతురే కాదు అనుకోవద్దు, పేరు లేకపోయినా పరవాలేదని లంకె కట్టేయొద్దు. వేరే ఆధారం తేవాలి:

- పెళ్లి ఒప్పందాలు, భూమి బదిలీలు. 'ఫీట్ ఆఫ్ ఫైన్స్' అనే కోర్టు ఒప్పందాలు 'సిపి 25' సిరీస్. దంపతులకు భూమి రాసిస్తూ తండ్రి పేరు చెబుతాయి.
- వరస షరతులు. మొదట పెద్దవాడికి, అతనికి మగసంతానం లేకపోతే రెండోవాడికి, తర్వాత మూడోవాడికి అని రాసే సెటిల్‌మెంట్లు. చిన్నకొడుకులు పుట్టిన వరసలో దొరికేది ఇక్కడే.
- పోప్ అనుమతులు. 1215 తర్వాత నాలుగో మెట్టు దాకా, అంటే ముత్తాత తల్లిదండ్రులు ఒకరే అయ్యేంత దగ్గరి బంధువులు పెళ్లాడాలంటే అనుమతి కావాలి. ఫలానా జంట అనుమతి తీసుకున్నట్టుంటే మీ చార్టులో వాళ్లకు ఆ మెట్టులో ఉమ్మడి పూర్వికులు కనబడాలి. కనబడకపోతే చార్టు తప్పు.
- భూస్వాముల భార్యల వీలునామాలు, మఠాల ఖనన జాబితాలు.

అచ్చు పుస్తకాల్లో 19వ శతాబ్దపు పీరేజ్ (బిరుదులున్న ప్రభువుల కుటుంబాల) వంశావళులను సి గ్రేడుకు మించి ఇవ్వొద్దు. 20వ శతాబ్దంలో ఆధారాలతో తిరగరాసినవి నయం. వాటికి కూడా సవరణలు వస్తూనే ఉన్నాయి, ఫౌండేషన్ ఫర్ మెడీవల్ జీనియాలజీ వాటిని సేకరించి పెడుతోంది.

8. తేదీల చిక్కులు

1752కు ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రిజిస్టర్‌లో 1650 మే 1న పెళ్లి, 1650 ఫిబ్రవరి 10న బిడ్డ బాప్తిస్మం అని ఉంటే పెళ్లికి ముందే పుట్టిందనుకోవద్దు. ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1651. పెళ్లయిన తొమ్మిది నెలలకు బిడ్డ. మీ పత్రంలో 1650/51 అని రెండూ రాయండి.

మధ్యయుగపు పత్రాల్లో తేదీని రాజు ఏలుబడిలో ఎన్నో ఏడో చెప్పి రాస్తారు. మూడవ ఎడ్వర్డ్ ఏలుబడి 1327 జనవరి 25న మొదలు. కాబట్టి ఆయన 12వ ఏడు అంటే 1338 జనవరి 25 నుంచి 1339 జనవరి 24. '1327కు 12 కలిపితే 1339' అని లెక్కవేసేవాళ్లు దాదాపు ఏడాది తప్పుతారు.

విచారణ పత్రాల్లో 'వయసు 21, ఆపైన' అంటే 40 కూడా కావచ్చు. రెండు కౌంటీల జ్యూరీలు ఒకే వారసుడికి వేర్వేరు వయసులు చెప్పడం మామూలే. 18 ఏళ్లకు తక్కువ తేడాతో తల్లీబిడ్డలు కనిపిస్తే అనుమానించండి, కానీ వెంటనే కొట్టేయకండి. పై గొలుసులో లయొనెల్‌కు 16 ఏళ్లప్పుడు ఫిలిప్ప పుట్టింది, ఆమెకు 15 ఏళ్లప్పుడు ఎలిజబెత్ పుట్టింది. రాజకుటుంబాల్లో బాల్యవివాహాలు అంత తొందరగా జరిగేవి. రైతు కుటుంబంలో అదే తేడా కనిపిస్తే తప్పుపట్టాల్సిందే.

9. డీఎన్‌ఏ ఎంతవరకు?

ఐదారు తరాల లోపల కాగితపు పనిని సరిచూడటానికి డీఎన్‌ఏ పరీక్ష బాగా పనికొస్తుంది. ముత్తాత తండ్రి ఎవరో అనుమానముంటే తప్పక చేయించండి. 22 తరాల పైనున్న రాజు ముక్క మీ ఒంట్లో మిగిలి ఉండే అవకాశం దాదాపు లేదు. 'రాజవంశం శాతం' చూపిస్తామనే పరీక్షకు డబ్బు పెట్టొద్దు.

2012లో లెస్టర్ కారు పార్కింగు కింద దొరికిన మూడవ రిచర్డ్ అస్థిపంజరం విషయంలో డీఎన్‌ఏ పనిచేసిందంటే కారణం వేరు. తల్లి నుంచి కూతురికి మారకుండా దిగే మైటోకాండ్రియా డీఎన్‌ఏను ఆయన అక్క ఆన్ నుంచి పూర్తిగా ఆడ వరుసలో వచ్చిన ఇద్దరితో పోల్చారు. సరిపోయింది. తండ్రి నుంచి కొడుక్కు దిగే వై క్రోమోజోమ్‌ను, కాగితాల ప్రకారం మూడవ ఎడ్వర్డ్ నుంచి మగ వరుసలోనే వచ్చిన ఐదవ బోఫర్ట్ డ్యూక్ మగ వరుసలోని ఐదుగురితో పోలిస్తే ఒక్కరిదీ రిచర్డ్‌తో కలవలేదు. ఆ ఐదుగురిలోనూ ఒకరిది మిగతా నలుగురితో కలవలేదు. కాగితం మీద మచ్చలేని గొలుసులో ఎక్కడో అసలు తండ్రి వేరన్నమాట.

తరానికి ఒక శాతం అనుకున్నా, 22 తండ్రి లంకెలు ఒక్కటీ తెగకుండా ఉండే అవకాశం 80 శాతమే. దీనికి చేయగలిగిందేమీ లేదు. మీరు చూపిస్తున్నది దస్తావేజుల వంశమని రాసుకుంటే సరిపోతుంది.

10. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

ఆన్‌లైన్ చెట్టును దిగుమతి చేసుకోవడం. వంద చెట్లలో ఒకే మాట ఉంటే వంద సాక్ష్యాలు కావు, ఒకరిని చూసి ఒకరు రాసుకున్నది. దిద్దుబాటు: చెట్టును ఆచూకీగా వాడి, ప్రతి లంకెకూ దస్తావేజు మీరే తీయండి.

వరుసలను నేటి అర్థంలో చదవడం. 16, 17 శతాబ్దాల వీలునామాల్లో 'సన్ ఇన్ లా' సవతి కొడుకు కావచ్చు. 'కజిన్' ఏ చుట్టమైనా కావచ్చు. లాటిన్ 'నెపోస్' మనవడో, మేనల్లుడో. 'సీనియర్', 'జూనియర్' అని ఉన్నంతమాత్రాన తండ్రీకొడుకులు కారు, ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరు కావచ్చు. దిద్దుబాటు: ఆ మాట ఒక్కటే ఆధారమైతే గ్రేడు ఒక మెట్టు దించండి.

రెండో భార్యను మరిచిపోవడం. రాజరక్తం మొదటి భార్యది, మీ పూర్వికుడు రెండో భార్య కొడుకు. గొలుసులు తెగేది ఎక్కువగా ఇక్కడే. దిద్దుబాటు: ప్రతి భార్య ఖననం తేదీ, భర్త మళ్లీ పెళ్లాడిన తేదీ తీసి, బిడ్డ పుట్టిన తేదీ ఏ పెళ్లి కాలంలో పడుతుందో చూడండి.

డబ్బు తీసుకుని అల్లిన వంశావళులు. గుస్తావ్ ఆంజూ (1863–1942) అనే మనిషి అమెరికాలో సంపన్నులకు వంశావళులు తయారుచేసి ఇచ్చాడు. నిజమైన దస్తావేజుల మధ్య ఒకటి రెండు కల్పితాలు పెట్టడం అతని పద్ధతి. అవి ఇప్పటికీ చెట్లలో తిరుగుతున్నాయి. గుర్తుపట్టడం ఇలా: 1538కు ముందు మామూలు రైతుకు కూడా పుట్టిన రోజుతో సహా తేదీ ఉంటుంది, ప్రతి భార్యకూ పుట్టింటి పేరు ఉంటుంది, మీకు అత్యవసరమైన ఒక్క లంకెకే దస్తావేజు ఎక్కడుందో ఉండదు.

కులచిహ్నాన్ని రుజువుగా తీసుకోవడం. ఒకే ఇంటిపేరున్న సంపన్న కుటుంబపు చిహ్నాన్ని సమాధి మీద చెక్కించుకున్నవాళ్లు కొల్లలు. దిద్దుబాటు: ఆ చిహ్నం ఈ కుటుంబానికే చెందుతుందా అని కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌ను అడగండి, రుసుము ఉంటుంది.

11. బయటపెట్టే ముందు తనిఖీ

- ప్రతి లంకెకూ పేజీ ఉందా, గ్రేడు వేశారా
- 1550–1700 మధ్యనున్న ప్రతి లంకెకూ అసలు దస్తావేజు బొమ్మ మీ కళ్లతో చూశారా
- అదే పేరున్న ఇతరులను తోసిపుచ్చిన కారణం రాశారా
- పాత క్యాలెండర్, ఏలుబడి సంవత్సరాలు మార్చి సరిచూశారా
- ప్రతి బిడ్డకూ సరైన భార్య తల్లిగా ఉందా
- మొత్తం తరాల సంఖ్య 20–27 మధ్య ఉందా
- మీ గొలుసును తెలియనివాళ్లకు ఇచ్చి, ఒక్క లంకె అయినా పగలగొట్టమని అడిగారా

బి గ్రేడు లంకెలను చార్టులో చుక్కల గీతతో చూపించండి. సి ఉన్నచోట గీత ఆపేసి, పై భాగాన్ని విడి చార్టుగా పెట్టండి. బతికున్నవాళ్ల పుట్టిన తేదీలు, చిరునామాలు ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతిలోంచి తీసేయండి. లంకె పత్రాల పూర్తి కట్ట ఒకటి ఇంట్లో ఉంచి, మరో నకలు మీ పూర్వికుల కౌంటీ కుటుంబ చరిత్ర సంఘానికి పంపండి. అదే కొమ్మ మీద పనిచేస్తున్న దూరపు చుట్టాలు మీ చుక్కల గీతను గీతగా మార్చే దస్తావేజుతో వచ్చేది సాధారణంగా ఆ దారినే.